సూతకం పట్టని రక్తం

మా తమ్ముడి దినాలనాడు మా అక్క నన్ను ఒక మాట అంది. విస్తళ్ళు వేశారు, వడ్డన ఇంకా మొదలుకాలేదు. బంధువులంతా వరసగా కూర్చుని ఉన్నారు. ఆమె నా ఎదురుగా నిలబడి, నా ముఖం వైపు చూడకుండా, "యమునికి గూడా కండ్లు పోయినట్టుండాయి. ముసిలోన్ని ఇడ్సిపెట్టి పసోన్ని ఎత్తకపోయినాడు" అంది.

ముసిలోడంటే నేను. పసోడంటే నలభై దాటిన మా తమ్ముడు.

నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. కూర్చోమని నా చెయ్యి పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ వరసలో ఎవరెవరు కూర్చున్నారో, ఎవరు తల దించుకున్నారో, ఎవరు మూతి తుడుచుకునే నెపంతో నవ్వు దాచుకున్నారో ఇప్పుడు అడిగినా చెబుతాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. కర్నూలు, నంద్యాల మధ్య నన్ను 'ఏయ్' అని పిలిచినవాళ్ళ ముఖాలే ఇంకా మరిచిపోలేదు. సొంత అక్క మాట మరిచిపోతానా?

మరిచిపోలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అంతకుముందు నుంచే నాలో నేను అదే మాట అనుకుంటున్నాను. నేను లోపల దాచుకున్నదాన్ని ఆమె నలుగురిలో పెట్టింది.

కరోనా రెండో విడతలో మా ఇంట్లోకి జ్వరం తెచ్చింది నేనే. ఓర్వకల్లు దగ్గర మా ఊళ్ళో ఇద్దరం ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉండేవాళ్ళం. నాకు చక్కెర జబ్బు, బీపీ, మోకాళ్ళ నొప్పులు. తమ్ముడు బోరుబండి మీద పనిచేసేవాడు. ఇనుప రాడ్లు భుజాన వేసుకుని బండెక్కే మనిషి. నన్ను పరీక్షకు కర్నూలు తీసుకుపోయింది కూడా వాడే, తన మోటారుసైకిలు వెనక కూర్చోబెట్టుకుని. "గట్టిగా పట్టుకోన్నా, నువ్వు పడిపోతే నీ పింఛను ఎవురు తింటారు?" అని దారంతా నవ్వించాడు. నాకు ఒళ్ళునొప్పులు వచ్చాయి, కొన్నాళ్ళు వాసన తెలియలేదు. అంతే. వాడు పడుకున్నాడు, లేవలేదు.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు అక్కడి డాక్టరు మా ఇద్దరినీ చూసి నా చేతికే ఆక్సిజన్ మీటరు తగిలించబోయాడు. రోగి నేను కాదు, వీడు అని చెప్పాను. "మీరు బాగానే ఉన్నారే!" అన్నాడు. ఆ ఆశ్చర్యం నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆ రోజుల్లో నా ముందు ఏ కాగితం పెడితే దాని మీద సంతకం పెట్టాను. వాడి రక్తం కొంత పరిశోధన కోసం దాచుకుంటామని ఒక కాగితంలో ఉందట. చదవలేదు.

శవాన్ని ఊళ్ళోకి తెస్తే మా దాయాదులు తలుపులు వేసుకున్నారు. మా ఎదురింట్లో పరుపులు కుట్టే దూదేకుల సాయిబు తన ఇద్దరు కొడుకులతో వచ్చి పాడె పట్టాడు. ఆ తర్వాత సూతకం మాత్రం దాయాదులు తు.చ. తప్పకుండా పాటించారు. గడ్డాలు గీయలేదు, గుడికి పోలేదు, పొయ్యి మీద తాలింపు పెట్టలేదు. మా ఇంటిపేరు ఉన్న ప్రతి గడపా సూతకంలో ఉంది. మా అక్క ఎర్రగుంట్లలో వేరే ఇంటిపేరుకి కోడలు. తమ్ముడు పొత్తిళ్ళలో ఉండగానే అమ్మ పోతే, వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే. అయినా లెక్క ప్రకారం పూర్తి సూతకం ఆమెకు లేదు. పెళ్ళయిపోయిన ఆడబిడ్డ కాబట్టి చిన్న సూతకంతో స్నానం చేసేసింది. అది మా పద్ధతి. ఆ పద్ధతి గురించి ఇక్కడ ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

ఆసుపత్రి మీద అర్జీలు పెట్టాను. తమ్ముడి వార్డులో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గినప్పుడు పలికిన నాథుడు లేడని కలెక్టరేటుకు, పైవాళ్ళకు, ఆ పైవాళ్ళకు రాశాను. జవాబు రాకపోతే జవాబు రాలేదని మళ్ళీ రాశాను. అర్జీ రాస్తున్నంతసేపూ ప్రాణం తేలికగా ఉండేది. కలం పక్కన పెడితే మళ్ళీ మామూలే. టీ అంగడి దగ్గరికి పోతే ఎవడో ఒకడు "నీకేమప్పా, ఇనుప పిండం" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. బాగున్నందుకు నేను సిగ్గుపడుతున్నానని వాళ్ళకేం తెలుసు? ఆ ఏడాదంతా కొత్త చొక్కా తొడగలేదు. నలుగురిలోకి పోయినప్పుడు దగ్గు రాకపోయినా దగ్గేవాణ్ణి. నాక్కూడా ఏదో మిగిలిపోయిందని వాళ్ళు అనుకోవాలి. ఒకసారి మా ఇంట్లో ఆమె అది కనిపెట్టి, "ఇంట్లో రాని దగ్గు ఈదిలోకి పోతానే వస్తాదే, ఏం జబ్బది?" అంది. ఆమెతోనూ కొన్నాళ్ళు మాట్లాడలేదు.

రెండేళ్ళు దాటాక హైదరాబాదు నుంచి ఒక డాక్టరమ్మ ఫోన్ చేసింది. పరిశోధన చేసే డాక్టరు. "అంకుల్, మీ తమ్ముడి గురించి మాట్లాడాలి" అంది. నేను ఎవరికీ అంకుల్ని కాదని చెప్పి పెట్టేశాను. మళ్ళీ చేసింది. ఈసారి "పెద్దాయనా" అంది. అది పర్వాలేదు.

ఇంటికి వచ్చింది. చిన్న వయసు, గట్టి పిల్ల. మంచం మీద కూర్చుని చెప్పింది. ఒకే జబ్బు ఒకరికి జలుబులా పోయి ఇంకొకరిని ఎందుకు చంపుతుందో వాళ్ళు వెతుకుతున్నారట. వయసులో ఉండి, వేరే రోగమేదీ లేకుండా, జ్వరం ముదిరినవాళ్ళ రక్తాలు దాచి చూస్తున్నారట. ఇక్కడే కాదు, ఆఫ్రికాలో, యూరప్‌లో, ఇంకా ఎన్నోచోట్ల చూస్తున్నారట.

"మీ తమ్ముడి రక్తంలో ఒక జన్యువులో చిన్న మార్పు కనబడింది. వైరస్ ఒంట్లోకి రాగానే మొదట కేక వేసి మిగతా కాపలాను లేపే భాగం ఒకటుంటుంది. ఆ మార్పు అక్కడ ఉంది."

"అయితే వాడు దానివల్లే పోయినాడా? ఆక్సిజన్ వల్ల కాదా?" అన్నాను.

"అదే తెలియదు. ఆ మార్పు మా పుస్తకాల్లో లేదు. ఇప్పటిదాకా చూసిన రక్తాల్లో ఎక్కువ భాగం తెల్లవాళ్ళవి. మీ తమ్ముడిలో ఉన్నది ప్రాణం తీసే మార్పా, లేక ఈ ప్రాంతంలో చాలామందికి ఉండి ఏమీ చేయని మార్పా అన్నది చెప్పాలంటే ఇక్కడివాళ్ళ రక్తాలు చూడాలి. ముందు మీది కావాలి. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు, ఒకే జ్వరం. మీకేమీ కాలేదు. పోల్చి చూడటానికి మీకంటే మంచి మనిషి దొరకడు."

పోల్చి చూడటానికి! మా అక్క విస్తళ్ళ ముందు చేసిన పని కూడా అదే. ఈమె మర్యాదగా చేస్తోంది. ఆ మాటే అన్నాను. డాక్టరమ్మ నొచ్చుకుంది. అయినా మంచం మీద నుంచి లేవలేదు. "మీ కుటుంబంలో రక్తం పంచుకున్నవాళ్ళందరినీ ఒకరోజు బడి దగ్గరికి రమ్మనండి. ఎవరికి ఏముందో చూస్తే బతికున్నవాళ్ళను కాపాడుకోవచ్చు" అంది.

ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను. మాటలు లేని దాయాదుల గడపలు కూడా తొక్కాను. శవం వచ్చిన రోజు తలుపు వేసుకున్నవాళ్ళ పేర్లన్నీ నాలుక మీదే ఉన్నాయి, మింగేశాను. మా పెదనాయన కొడుకులు, వాళ్ళ మనవలు, మూడు తరాల కింద విడిపోయినవాళ్ళు, గట్టు తగాదాలో నన్ను తోసినవాడు, అందరినీ పిలిచాను. నాతోపాటు సూతకం పట్టేవాళ్ళందరూ వచ్చారు. రక్తం అంటే నాకు తెలిసిన లెక్క అదే. రక్తపరీక్ష కాబట్టి ఏమీ తినకుండా రండని కూడా చెప్పాను.

బడి వరండాలో బెంచీల మీద మా ఇంటిపేరంతా కూర్చుంది. ఎండ ముదురుతోంది. డాక్టరమ్మ వచ్చి చూసి, "ఇంతమందా?" అంది. ఒక ముసలాయన తూలిపోతుంటే, "పొద్దున ఏం తిన్నారు?" అని అడిగింది.

"తినొద్దన్నారు గదమ్మా."

"ఎవరన్నారు? ఈ పరీక్షకు తినే రావచ్చు."

బెంచీలన్నీ నా వైపు తిరిగాయి.

"ఏమప్పా కండక్టరూ, బస్సు రాకముందే టికెట్లు కొట్టినావే!" అన్నాడు గట్టు తగాదావాడు. అందరూ నవ్వారు. నేనెటు చూడాలో తెలియక కింద చూశాను.

డాక్టరమ్మ తెల్లకాగితం తీసి మా ఇంటి బొమ్మ వేసింది. మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు. నాన్న, అమ్మ, నేను, తమ్ముడు. తమ్ముడి చదరం మీద అడ్డగీత గీసింది. తర్వాత, "మీరిద్దరేనా?" అంది.

"అక్క ఉంది. ఆమెను ఇచ్చేశాం."

"ఇచ్చేశారంటే?"

"ఎర్రగుంట్లకు ఇచ్చినాం. ఆమె ఇంటిపేరు వేరమ్మా. ఆమెది ఈ ఇంటి లెక్కలోకి రాదు."

డాక్టరమ్మ కాగితం మీద నుంచి తలెత్తింది. బెంచీల మీద కడుపులు మాడ్చుకుని కూర్చున్న మా వంశాన్ని చూసింది. "పెద్దాయనా, వీళ్ళలో చాలామంది మీ తమ్ముడికి దూరం. మీ అక్క మాత్రం మీ అమ్మ కడుపున పుట్టిన మనిషి. ఆమెను వదిలేసి వీళ్ళను తెచ్చారా?" అంది. గొంతు పెంచలేదు. ఆ కుర్రపిల్ల ముందు నా చెవులు కాలిపోయాయి. చదువురానివాడిలా మాట్లాడానని సిగ్గు. దాయాదుల ముందు మాట పడ్డానని ఇంకా సిగ్గు.

"మీ అమ్మగారి అన్నదమ్ములు?" అంది.

తెలియదన్నాను. మేనమామలు నా చిన్నప్పుడే లేరు. వాళ్ళెలా పోయారో మా ఇంట్లో ఎవరూ చెప్పుకోగా వినలేదు. వాళ్ళకు మేం సూతకం పట్టలేదు కాబట్టి వాళ్ళవి మా ఇంటి చావులు కావు.

అక్క ఫోన్ నంబరు అడిగితే లేదన్నాను. నిజంగానే లేదు, తీసేశాను. సరే, ముందు వీళ్ళవి చూద్దాం అంది డాక్టరమ్మ. వచ్చినవాళ్ళను ఊరికే పంపలేదు. ఈ ప్రాంతంలో మామూలుగా ఉన్న మనుషులకు ఆ మార్పు ఉందో లేదో చూడటానికి పనికొస్తారని చెప్పి, ఇష్టమున్నవాళ్ళ రక్తం తీసుకుంది. "అయితే మేము దండగ కాదంటావా తల్లీ" అని ముసలాయన చెయ్యి చాచాడు. ఎదురింటి సాయిబు గేటు దగ్గర నిలబడి, "మాది గూడా పనికొస్తాదామ్మా?" అన్నాడు. పనికొస్తుందంది. మా తమ్ముడి భార్య, వాడి కూతురు కూడా ఇచ్చారు. చివర నేనిచ్చాను. నా సీసా మీద చీటీ అంటించేటప్పుడు ఆ పిల్ల నాకు థాంక్స్ చెప్పింది. బతికున్నందుకు నాకు ఎవరైనా థాంక్స్ చెప్పడం అదే మొదటిసారి. అది కూడా తల ఎత్తి తీసుకోలేకపోయాను.

ఆరేడు నెలలు గడిచాయి. జవాబు రాకపోతే ఆ సంస్థ మీద కూడా అర్జీ రాద్దామని కాగితాలు తెచ్చుకున్నాను. అప్పుడు ఫోన్ వచ్చింది. డాక్టరమ్మ మెల్లగా, అర్థమయ్యేలా చెప్పింది. ఆ మార్పు మా ఊళ్ళో ఇచ్చినవాళ్ళలో తమ్ముడి కూతురికి తప్ప ఎవరికీ లేదు. నాకు లేదు. ప్రయోగశాలలో చూస్తే అది ఉన్న కణాలు కేక వేయడం లేదు. తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చింది చాలావరకు అదే.

"అది తల్లి నుంచి వచ్చేది పెద్దాయనా. ఆడవాళ్ళకు ఆ జన్యువు రెండుంటాయి. ఒకటి చెడినా రెండోది కాస్తుంది. మగవాళ్ళకు ఒకటే, అదీ తల్లి ఇచ్చిందే. మీ అమ్మగారి దగ్గర ఒకటి మంచిది, ఒకటి చెడ్డది ఉండి ఉంటాయి. మీకు మంచిది వచ్చింది. మీ తమ్ముడికి రెండోది వచ్చింది."

"ఎందుకట్లా?"

"ఎందుకంటూ ఏమీ లేదు. అలా వచ్చింది, అంతే."

నేను రెండేళ్ళకు పైగా మోసిన ప్రశ్నకు జవాబు అది. అలా వచ్చింది. ఏదైనా పెద్ద కారణం ఉంటే బాగుండేదనిపించింది. నా పుణ్యం కాదు, వాడి పాపం కాదు. ఆసుపత్రి మీద మోపిన నేరం కూడా సగానికి సగం కారిపోయింది.

"తమ్ముడి పాపకు ఆ చెడ్డది ఉంది, కానీ వాళ్ళ అమ్మ ఇచ్చిన మంచిది కాస్తుంది. ఇప్పుడు నా భయమంతా మీ అక్క గురించి. ఆమెకు కొడుకులున్నారా?" అంది డాక్టరమ్మ.

"ఒక్కడే."

"అయితే ఆ అబ్బాయిని వెంటనే చూడాలి. అతనికి ఉంటే, జ్వరం వచ్చిన మొదటిరోజే ఆసుపత్రికి పోవాలి. ముందే తెలిస్తే చేయగలిగినవి ఉన్నాయి. ఆలస్యమైతే మీ తమ్ముడిలాగే."

ఫోన్ పెట్టేశాక నాకు మొదట కలిగింది భయం కాదు. సంతోషం. ముసిలోడు, పసోడు అని అందరి ముందు నన్ను కడిగేసిన మనిషికి ఇప్పుడు నేను చెప్పే మాట ఒకటి దొరికింది. ఆ విషం మోసింది బహుశా నువ్వే, నేను కాదు. నంద్యాలలో రైలెక్కి ఎర్రగుంట్ల దాకా ఆ మాటను తిప్పి తిప్పి వాక్యం చేసుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆమె ముఖం చూడాలో కూడా అనుకున్నాను. కిటికీ బయట నాపరాళ్ళ గుట్టలు, కంది చేలు పోతూ ఉన్నాయి. నాకు అవేవీ పట్టలేదు.

వీధి తలుపు తీసింది మేనల్లుడు. సిమెంటు ఫ్యాక్టరీలో పని. డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసినా కనుబొమ్మల మీద తెల్లటి దుమ్ము ఉంది. మా తమ్ముడి భుజాలే, మా తమ్ముడి పళ్ళే. "మామా! బస్సు రూటు మార్చినారా?" అని నవ్వాడు. కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. నేను దారంతా తయారుచేసుకున్న వాక్యం నోట్లో ఉండగా ఆ నీళ్ళు తాగాల్సి వచ్చింది.

అక్క వంటింట్లోంచి వచ్చి గడపలోనే నిలబడింది. బాగా చిక్కింది.

"ఏమప్పా, ఎవురి మీద అర్జీ పెట్టను వచ్చినావు? నా మీదేనా?"

"నీ కొడుకు రక్తం పరీక్ష చేయించాలక్కా" అన్నాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. తల్లి నుంచి అన్నది మాత్రం చెప్పలేదు. తమ్ముడికి ఒంట్లో పుట్టుకతోనే లోపముంది, అది నీ కొడుక్కి ఉందో లేదో చూడాలట, అన్నాను.

"వానికెట్లా వస్తాది? వాని ఇంటిపేరే వేరే గదా" అంది ఆమె. నేను బడి వరండాలో అన్న మాటే.

"నా రక్తం కావాలంటే ఒక బిర్యానీ ఖర్చుపెట్టాల మామా, ఊరికే ఇయ్యను" అన్నాడు మేనల్లుడు.

"నోరు మూయిరా" అంది అక్క. గడప దిగి వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. "వేరే ఇంటిపేరోనికి ఎట్లా వస్తాది? యాడి నుంచి వస్తాదంట అది? సక్కగా సెప్పు."

అమ్మ అన్నదమ్ముల గురించి అడగమన్నారు అని మాత్రం అన్నాను.

ఆమె రెండు వేళ్ళు మడిచింది. "అమ్మకు ఇద్దరు తమ్ముండ్లు. ఇద్దరూ పెండ్లి కాకముందే పోయినారు. ఒగడు జొరంతో, ఇంగొగడు గూడా జొరంతోనే. నాకు తెలుసు, నీకు తెల్దు. నీకెందుకు తెలుస్తాది? అమ్మ ఏడ్సేది నా దగ్గరే." కొంచెం ఆగి, "అంటే అది అమ్మ మీద వచ్చింది. అమ్మ నుంచి వానికి. నా నుంచి..." అని కొడుకు వైపు చూసింది.

"తేలలేదక్కా. పరీక్ష చేస్తేనే తెలిసేది."

"నీకు తెలిసే వచ్చినావు." ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. దినాలనాడు కూడా అలా చూడలేదు. "ఆపొద్దు నేనన్న మాటకు జవాబు తెచ్చుకున్నావు గదా. నోట్లో పెట్టుకోని కూసున్నావు. సెప్పు, సెప్పి పో. నేనే నా తమ్మున్ని సాకినాను, నేనే నా బిడ్డకు ఆ లోపం పెట్టినానని సెప్పు."

రైల్లో నేను చేసుకున్న వాక్యం ఇంచుమించు అదే. ఆమె నోట అది విన్నప్పుడు కూర్చున్న కుర్చీ కూడా నాకు ఎక్కువనిపించింది. మేనల్లుడు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. వాడికి నవ్వు పోయింది.

"నువ్వు పెట్టలేదు. అమ్మా పెట్టలేదు. అలా వచ్చింది, అంతే" అన్నాను. డాక్టరమ్మ నోట విన్నప్పుడు నాకు చాలని ఆ మాటను నేనే ఆమెకిచ్చాను. ఆమెకూ అది చాలలేదు. ఆఖరికి ఆడోళ్ళ మీదికే వచ్చిందన్నమాట, అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

కడపలో ఇద్దరూ రక్తమిచ్చారు. నేను తోడు పోయాను. బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది, నేను వెనక సీట్లో కూర్చున్నాను. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. ఆమె దగ్గర ఒకటి చెడ్డది ఉంది. మేనల్లుడికి అదే వచ్చింది.

అప్పటి నుంచి చలికాలం మొదలైతే నేను వాడికి ఫోన్ చేస్తాను. ఒళ్ళు వెచ్చగా ఉందా, టీకా సూది వేయించుకున్నావా అని అడుగుతాను. "మామా, మా సూపర్‌వైజరు గూడా ఇన్ని మాట్లు అడగడు" అంటాడు. డాక్టరమ్మ ఇంగ్లీషులో రాసిచ్చిన ఉత్తరం నకలు వాడి పర్సులో ఒకటి, నా చొక్కా జేబులో ఒకటి.

పోయిన చలికాలంలో జ్వరం రానే వచ్చింది. ఊరంతా జలుబు, దగ్గు. అప్పుడు నేను వాణ్ణి చూడటానికి వచ్చి ఎర్రగుంట్లలోనే ఉన్నాను, నాకూ తుమ్ములు పట్టుకున్నాయి. పొద్దున వాడికి ఒళ్ళు కాలితే వెంటనే ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి కుర్ర డాక్టరు గొంతు చూసి, మాత్రలు రాసి, "ఒక్కరోజు జ్వరానికి చేర్చుకోమంటారా? బెడ్లు ఎవరికని ఇవ్వాలి?" అన్నాడు. ఉత్తరం చూపించాను. పైపైన చూసి వెనక్కిచ్చాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటున్నారు. "జరుగు పెద్దాయనా, మాకు పన్లున్నాయి" అన్నాడొకడు.

నేను జరగలేదు. ఉత్తరంలో ఉన్నది పైకి చదివాను. రాని ఇంగ్లీషులోనే చదివాను. తప్పుగా పలికిన చోట ఎవరో నవ్వారు. నా తమ్ముడు ఎలా పోయాడో చెప్పాను. పెద్ద డాక్టరుతో మాట్లాడితే తప్ప కదలనన్నాను. ఇంత వయసొచ్చి ఊరు కాని ఊళ్ళో, నలుగురిలో, జలుబుతో కారుతున్న ముక్కుతో అరుస్తున్నానని తెలుస్తూనే ఉంది. నా గొంతు తగ్గిపోయింది. అప్పుడు నా వెనక నుంచి అక్క నా చొక్కా పట్టుకుని, "ఇంగా గట్టిగా అడుగు" అంది.

అడిగాను. పెద్ద డాక్టరు వచ్చి ఉత్తరం చదివి, హైదరాబాదుకు ఫోన్ చేసి, వాణ్ణి లోపలికి తీసుకున్నాడు. సాయంత్రానికి వాడికి ఊపిరి అందలేదు. ఇంటి దగ్గర ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. మందులు ముందే మొదలయ్యాయి, ఆక్సిజన్ పెట్టారు. కొన్ని రోజులు అటూ ఇటూ ఊగి, నిలబడ్డాడు.

వాడి ముక్కు నుంచి గొట్టం తీసేసిన పొద్దున అక్కా నేనూ వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాం. నా తుమ్ములు ఎప్పుడో ఆగిపోయాయి. వాణ్ణి పడేసిన జలుబే నాకూ వచ్చింది. నా చేత కొన్నాళ్ళు ముక్కు తుడిపించి వెళ్ళిపోయింది.

"నీకెట్లుండాది?" అంది అక్క.

ఎన్నో ఏళ్ళకు ఆమె నన్ను అడిగిన మాట. బాగుంది అని చెప్పాలి. దగ్గి చూపించే అవకాశం కూడా లేదు, ఆమె రోజూ నన్ను చూస్తూనే ఉంది.

"బాగుండాదక్కా" అన్నాను, నేల వైపు చూస్తూ.

"ఉండనీలే" అంది. కాసేపటికి మళ్ళీ అంది: "నీకు అమ్మ మంచిది ఇచ్చింది. నేను వానికి ఇయ్యలేకపోతిని."

అలా వచ్చింది, అంతే అని ఇంకోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు. లోపల వాడు ఆకలేస్తోందని నర్సుతో పేచీ పెట్టుకుంటున్నాడు. ఆమె లేచి లోపలికి పోయింది. నేను బయటే కూర్చున్నాను.